తేదీ పక్కన ఇంటూ గుర్తు

చిత్రకారుడు ఎడ్వర్డ్ లియర్ 1858 నుంచి 1887 దాకా రాసుకున్న డైరీలు 30 సంపుటాలు మిగిలాయి. ఇప్పుడవి అమెరికాలో, హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి హౌటన్ లైబ్రరీలో ఉన్నాయి. పొద్దున ఎన్నింటికి లేచాడు, ఏ బొమ్మ మీద ఎంతసేపు కూర్చున్నాడు, ఎవరికి ఉత్తరం రాశాడు, రాత్రి ఎవరింట్లో భోంచేశాడు, అన్నీ అందులో ఉంటాయి. కొన్ని తేదీల దగ్గర వీటితోపాటు ఒక ఇంటూ గుర్తు కనిపిస్తుంది. ఒక్కోసారి దాని పక్కన ఒక అంకె. ఆ రోజు ఆయనకు ఫిట్స్ వచ్చాయని దాని అర్థం.

ఐదారేళ్ళ వయసులో మొదలైన ఆ జబ్బు జీవితాంతం ఆయన్ని వెంటాడింది. ఇంట్లో అక్కలకు తెలుసు. బయట ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ళ స్నేహితులకు, ఆయన దగ్గర్నుంచి వందల ఉత్తరాలు అందుకున్నవాళ్ళకు కూడా తెలియనివ్వలేదు. వచ్చే ముందు ఒంట్లో ఏదో సూచన అందేది కాబట్టి, మెల్లిగా లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. దాన్ని ఆయన దయ్యం అని పిలుచుకున్నాడు. ఆ దయ్యం సంగతి లోకానికి తెలిసింది ఆయన పోయాక, డైరీలు చదివినవాళ్ళ వల్లే.

నాకూ ఫిట్స్ ఉన్నాయి. నేను రిటైరైన డ్రాయింగ్ మాస్టారిని. గోదావరి జిల్లాల్లో హైస్కూళ్ళలో పనిచేశాను. ఏ స్కూల్లోనూ, ఏ స్టాఫ్‌రూములోనూ ఈ మాట నా నోట రాలేదు. అచ్చులో చెప్పడం ఇదే మొదలు. లియర్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో ఉంది, కానీ ఆ ఇంటూ గుర్తుల సంగతి దాచి రాయడం నా వల్ల కాలేదు. అది రాస్తే నాది కూడా రాయాలి. అందుకే ఇంత ఆలస్యమైంది.

ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళలో లియర్ పేరు తెలిసినవాళ్ళు ఉంటారు. పిల్లల కోసం అర్థంపర్థంలేని పాటలు కట్టిన మనిషిగా తెలుసు. గుడ్లగూబ, పిల్లి కలిసి పడవెక్కి పోయే పాట ఆయనదే. 1867 డిసెంబరులో ఫ్రాన్సులోని కేన్స్‌లో ఒక స్నేహితుడి జబ్బుపడ్డ కూతురిని నవ్వించడానికి రాశాడు. కానీ ఎవరైనా మీ వృత్తి ఏమిటని అడిగితే ఆయన చెప్పే జవాబు ఒక్కటే, ప్రకృతి దృశ్య చిత్రకారుణ్ణి అని. తన యాత్రా గ్రంథాల పేర్లలోనే ఆ మాట పెట్టుకున్నాడు. పాటలు రాసింది తీరిక వేళల్లో, పిల్లల సరదా కోసం. కొండలు, లోయలు, నదులు, పాడుబడిన ఊళ్ళు గీసింది 50 ఏళ్ళపాటు, పొట్టకూటి కోసమూ, ప్రాణం పెట్టీ.

1812 మే నెలలో లండన్ దగ్గర హాలోవేలో పుట్టాడు. చాలామంది పిల్లలున్న ఇంట్లో దాదాపు ఆఖరివాడు. తండ్రి షేర్ల దళారి. వ్యాపారం దెబ్బతిని ఇల్లు చెదిరితే, పిల్లవాణ్ణి పెంచే భారం తల్లి తన మీద వేసుకోలేదు. తనకంటే 21 ఏళ్ళు పెద్దదైన అక్క ఆన్ పెంచింది. బొమ్మలు నేర్పిందీ ఆవిడే. పద్దెనిమిదేళ్ళకే లండన్ జంతుప్రదర్శనశాలలో చిలుకల ముందు కూర్చుని, బతికున్న పక్షిని చూస్తూ గీసి, ఆ బొమ్మల్ని తనే రాతి మీద ఎక్కించి అచ్చు వేయించాడు. 42 పలకల ఆ చిలుకల పుస్తకం చూసి ఎర్ల్ ఆఫ్ డెర్బీ తన సొంత జంతుశాలలోని ప్రాణుల్ని గీయడానికి పిలిపించుకున్నాడు. ఆ సన్నపని కళ్ళకు భారమైంది. ఊపిరితిత్తులు కూడా అంత గట్టివి కావు. 1837లో ఇంగ్లండ్ చలి వదిలి రోముకు వెళ్ళాడు. ఆ తరవాత పక్షుల బొమ్మలు పక్కనబెట్టి కొండల బొమ్మలకు మళ్ళాడు.

ఇక్కడ నేను నా సంగతి ఒకటి చెప్పాలి. నేను కూడా మనుషుల బొమ్మలు వెయ్యను. మా ఊళ్ళో, చుట్టుపక్కల ఊళ్ళలో నా పేరు తెలిసినవాళ్ళకు నేను గోదావరి మాస్టారిని. లంకలు, పాపికొండలు, ధవళేశ్వరం ఆనకట్ట, ఇసుకతిన్నెల మీద తెల్లారిగట్ల పొగమంచు, ఇవే నా బొమ్మలు. ఎందుకు మనుషుల్ని వెయ్యరు మాస్టారూ అని పిల్లలు అడిగితే, నాకు ప్రకృతి అంటే ఇష్టంరా అనేవాణ్ణి. ఇష్టమే, అబద్ధం కాదు. కానీ ఆ ఇష్టం ఎక్కణ్ణుంచి మొదలైందో నాలో నేను ఎన్నడూ తరచి చూసుకోలేదు.

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు కుర్రతనంలో చాలాసార్లు వెళ్ళాను. ఇంగ్లీషు నీటిరంగుల పద్ధతి మా గోదావరి ఒడ్డుకు వచ్చిందంటే దానికి ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఒక కారణం. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉంటూ దామెర్లనూ, అడివి బాపిరాజునూ చేరదీశాడు. దామెర్ల 1925లో మశూచి సోకి 27 ఏళ్ళకే పోయాడు. అంత చిన్న వయసులో ఆయన వేసిన స్త్రీల బొమ్మల ముందు నిలబడితే నాకు మెచ్చుకోలుతోపాటు ఒక భయం కూడా కలిగేది. ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, గంటల తరబడి కళ్ళలోకి చూస్తూ, ఆ మనిషి మనల్ని చూస్తూ ఉంటే గీయడం! మధ్యలో నాకు వస్తే? కడుపులోంచి ఏదో పైకి ఎక్కుతున్నట్టు, నోట్లో ఇత్తడి రుచి తగిలినట్టు ఉండే ఆ అరనిమిషం మొదలైతే? ఎదురుగా కూర్చున్నవాళ్ళు అంతా చూస్తారు. కొండ చూడదు. నది చూడదు. నేను ప్రకృతిని ఎంచుకున్నానని అనుకుంటూ వచ్చాను. సాక్షి లేని చోటును ఎంచుకున్నాను.

లియర్ కూడా అందుకే కొండలకు మళ్ళాడని నేను అనను. ఆయన కళ్ళ గురించీ, ఆరోగ్యం గురించీ చెప్పిన కారణాలు ఉన్నాయి, అవి నిజమే. కానీ గ్రీసులో, అల్బేనియాలో, కోర్ఫూలో, ఈజిప్టులో ఆయన గీసిన బొమ్మలు చూస్తే మనుషులు చాలా చిన్నగా, చాలా దూరంగా ఉంటారు. మేకల్ని తోలుకుపోయేవాడు, గుర్రం మీద పోయేవాడు, బావి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు. ఎవరి ముఖమూ కనబడదు. వాళ్ళు కూడా చిత్రకారుణ్ణి చూడరు. ఆ దూరం నాకు తెలిసిన దూరం.

నా గోదావరి బొమ్మల్లో కూడా నది ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. గట్టు మీద నుంచి చూసిన నది. చూసినవాళ్ళు దూరాన్ని బాగా పట్టావు అంటారు. ఫిట్స్ వచ్చేవాడు నీళ్ళ దగ్గరికీ, నిప్పు దగ్గరికీ పోకూడదు. అది డాక్టర్లు కూడా చెప్పే జాగ్రత్త. మా అమ్మ దాన్ని ఒట్టు పెట్టించి మరీ చెప్పింది, గట్టు దిగనని. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేను ఇప్పటికీ గట్టు దిగలేదు. జనం మెచ్చుకున్న ఆ దూరం మా అమ్మ భయం.

లియర్ రోడ్ల మీద ఎలా గీసేవాడో చెప్తాను, ఎందుకంటే నాకు ఆయన మీద ప్రేమ కలిగింది అక్కడే. తెల్లవారుజామునే లేచి బయల్దేరేవాడు. ఒక చోట ఆగి పెన్సిల్‌తో గబగబా గీసేవాడు. రంగు వేసే టైము ఉండదు కాబట్టి ఎక్కడ ఏ రంగో కాగితం మీదే మాటల్లో రాసుకునేవాడు. ఇక్కడ ఎర్రమట్టి, ఇక్కడ ముదురు నీడ, అక్కడ లేత ఆకుపచ్చ, ఇక్కడ మేకలు. అడుగున ఒక మూల ఊరి పేరు, తేదీ, టైము, వరసలో ఎన్నో బొమ్మో ఆ అంకె. రాత్రి బసకు చేరాకో, మరికొన్నాళ్ళకో తీరిగ్గా కూర్చుని పెన్సిల్ గీతల మీద సిరాతో దిద్దేవాడు. పైన పల్చగా నీటిరంగు పూసేవాడు. రాసుకున్న మాటల్ని చెరిపేవాడు కాదు. వాటిని కూడా సిరాతో దిద్దేవాడు. అందుకే ఆ బొమ్మల్లో కొండవాలు మీద మాటలు మొలిచినట్టు ఉంటాయి. ఒకే రోజున నాలుగైదు బొమ్మలు, వాటి మూలల్లో ఒకదాని తరవాత ఒకటిగా గంటలు. పొద్దున ఆరు దాటాక ఇక్కడ, తొమ్మిదికి ఆ మలుపులో, మధ్యాహ్నం ఈ చెట్టుకింద.

ఎండ ఏ దిక్కునుంచి పడుతోందో తరవాత గుర్తుండటానికి చిత్రకారుడు టైము రాసుకుంటాడు. నేనూ పిల్లలకు అదే చెప్పేవాణ్ణి. లియర్ కూడా అందుకే రాసుకుని ఉంటాడు. కానీ ఆ మూలలు మొదటిసారి చూసినప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ఫిట్ వచ్చి తగ్గాక మనిషికి మొదట పోయినట్టు తెలిసేది టైము. నాలుగు గంటలకు బెంచీ మీద కూర్చున్నట్టు గుర్తుంటుంది. కళ్ళు తెరిస్తే గోడ గడియారం నాలుగుంబావు. నాలుక కొరుక్కుపోయి ఉంటుంది, చొక్కా తడిసి ఉంటుంది, ఒళ్ళంతా ఎవరో కొట్టినట్టు నొప్పి. మధ్యలో ఆ పావుగంట లేదు. మనం లేని ఆ పావుగంటలో మనం ఎలా ఉన్నామో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుసు, మనకు తెలియదు. ఏమైంది అని అడిగితే ఏం లేదు, పడుకో అంటారు. అలాంటి మనిషి ఒక కాగితం మూల ఊరూ, తేదీ, టైము రాసుకుంటే, ఆ గంటకు నేను ఇక్కడ ఉన్నాను, కళ్ళు తెరుచుకుని ఉన్నాను, ఈ కొండను చూశాను అని చెప్పుకోవడమే. ఇది ఆయన మనసులో మాట అని రుజువు చెయ్యలేను. ఒక రోగి ఇంకో రోగి చేతిరాతను చదివిన తీరు ఇది.

జబ్బుకంటే దాని చుట్టూ ఉన్న సిగ్గు ఎక్కువ బాధ పెడుతుంది. లియర్ కాలంలో ఇంగ్లండ్‌లో చాలామంది డాక్టర్లు మూర్ఛకు హస్తప్రయోగం కారణమని నమ్మేవాళ్ళు. నిగ్రహం లేని మనిషి చేసుకున్న పాపానికి ఒళ్ళు అనుభవిస్తోందని లెక్క. లియర్ కూడా అది తన నిగ్రహ లోపమేనని నమ్మి తనను తానే నిందించుకున్నాడు. మా ఇళ్ళల్లో ఆ మాట లేదు కానీ వేరేవి ఉన్నాయి. గాలి సోకిందన్నారు. పూర్వజన్మలో ఏదో చేశాడన్నారు. నేను కింద పడగానే ఎవరో ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి నా గుప్పిట్లో కుక్కేవారు. రెండు మూడు నిమిషాల్లో కొట్టుకోవడం దానంతటదే ఆగేది. తాళంచెవుల వల్లే తగ్గిందని అందరూ నమ్మేవారు. నేనూ పెద్దవాణ్ణయ్యేదాకా నమ్మాను. చదువుకునే రోజుల్లో జేబులో ఒక ఇనప తాళంచెవి పెట్టుకుని తిరిగాను. దానికి తాళం లేదు.

పెళ్ళి మాట వచ్చినప్పుడు సిగ్గుకు చట్టం కూడా తోడైంది. హిందూ వివాహ చట్టానికి 1976లో వచ్చిన సవరణలో, మాటిమాటికీ మూర్ఛ వచ్చే మనిషి పెళ్ళికి అర్హుడు కాడన్న షరతు చేర్చారు. 1999లోగానీ దాన్ని తీసేయలేదు. నా పెళ్ళి ఆ మధ్యకాలంలో జరిగింది. చెప్పొద్దని ఇంట్లో అందరూ అన్నారు. మా అమ్మ మాత్రం పిల్ల తండ్రిని పక్కకు పిలిచి చెప్పింది. ఆయన ఇంటికెళ్ళి కూతురికి చెప్పాడు. ఆమె ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావని నేను అడగడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా మేనత్తకి ఉండేది, ఆవిడ అందరికంటే బాగా వండేది, అంది. అంతే. ఆ మాట విన్నాక నాకు లియర్ మీద జాలి ఎక్కువైంది. ఆయన అగస్టా బెథెల్ అనే ఆమెను పెళ్ళాడాలని ఏళ్ళ తరబడి అనుకున్నాడు. ఆమె అక్కను సలహా అడిగాడు. వద్దందావిడ. అగస్టాను నేరుగా అడగనే లేదు. అడగకపోవడానికి డబ్బులేమి ఒక కారణం, వయసు ఒక కారణం, గదిలోకి వెళ్ళి తలుపేసుకునే ఆ కొన్ని నిమిషాలు ఇంకో కారణం అయ్యుండాలి. ఆయనకు మా అమ్మలాంటి మనిషి లేదు.

జార్జియో కోకలీ ఉన్నాడు. సూలియోట్ తెగకు చెందిన కుటుంబం, కోర్ఫూలో చేరాడు లియర్ దగ్గర. 27 ఏళ్ళు వంట చేశాడు, సామాన్లు మోశాడు, ప్రయాణాల్లో వెంట నడిచాడు. 1858లో పెట్రాలో డబ్బు కోసం జనం చుట్టుముట్టి లియర్ జేబులు దోచినప్పుడు పక్కన ఉన్నది అతనే. ఫిట్స్ సంగతి జార్జియోకు తెలుసునో లేదో లియర్ చెప్పలేదు. 27 ఏళ్ళు ఒకే గుడారంలో, ఒకే పడవలో తిరిగిన మనిషికి తెలియకుండా ఉండదని నా నమ్మకం. తెలిసీ తెలియనట్టు ఉన్నాడని కూడా నా నమ్మకం. అలాంటి మనుషులు నా జీవితంలోనూ ఉన్నారు. స్టాఫ్‌రూములో ఒకాయన నేను బయటికి వెళ్ళగానే నా క్లాసులోకి వెళ్ళి కూర్చునేవాడు. ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు. ఆయనకు కృతజ్ఞత చెప్పాలంటే సంగతి ఒప్పుకోవాలి కదా, అందుకని చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేడు.

లియర్‌కూ నాకూ ఇంతవరకు పోలిక కుదిరింది. ఇక్కణ్ణుంచి కుదరదు. నన్ను నేను నిజంగా చూసుకున్నది ఇక్కడే.

1846లో విక్టోరియా రాణికి 12 పాఠాలు డ్రాయింగ్ నేర్పిన మనిషి, 1850లో 37 ఏళ్ళ వయసులో రాయల్ అకాడమీ పాఠశాలలో విద్యార్థిగా చేరాడు. కుర్రాళ్ళ మధ్య కూర్చుని మనిషి బొమ్మ గీయడం మొదట్నుంచీ నేర్చుకోవాలని. రెండేళ్ళ తరవాత తనకంటే 15 ఏళ్ళు చిన్నవాడైన హోల్మన్ హంట్ దగ్గర తైలవర్ణాలు నేర్చుకున్నాడు. హంట్‌ను నాన్నా అని పిలిచేవాడు. సిసిలీలోని సిరక్యూస్ రాతిగనుల బొమ్మ మొదలుపెట్టి ఎలా ముగించాలో తెలియక తిప్పలు పడుతుంటే, హంట్ అన్నాడట: అలాంటి రాళ్ళు ఇంగ్లండ్‌లోనే వెతుక్కో, ఎదురుగా పెట్టుకుని వెయ్యి అని. హేస్టింగ్స్ దగ్గర క్లైవ్ వేల్ అనే పొలంలో బస చేసి, హంట్ చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ, ఎండలో కూర్చుని వేశాడు. ఆ బొమ్మ 1853లో అకాడమీ ప్రదర్శనకు ఎక్కింది.

అంతా గెలుపు కాదు. లెబనాన్ దేవదారు చెట్ల బొమ్మకు ఆయన పెట్టిన ఆశ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1858లో ఆ చెట్లను స్వయంగా చూసి వచ్చాడు. ఇంగ్లండ్‌లో ఓట్‌లాండ్స్ పార్క్ అనే హోటల్ తోటలో దేవదారులున్నాయని తెలిసి, అక్కడే దిగి, చలిలో కూర్చుని పెద్ద బొమ్మ వేశాడు. 700 గినీలు వెల కట్టాడు. 1862 లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో దాన్ని జనానికి సరిగా కనబడని చోట తగిలించారు. ఏళ్ళు గడిచాక 200 గినీలకు అమ్ముకున్నాడు. ఆ తరవాత కూడా ఆగలేదు. ఇంట్లోనే గ్యాలరీ పెట్టి, వచ్చిన ప్రతివాడికీ బొమ్మలు చూపించాడు. చలికాలంలో డబ్బు కోసం నీటిరంగుల బొమ్మలు పదులకొద్దీ ఒకేసారి బారుగా పెట్టుకుని వేశాడు. ఎవరూ కొనని రోజుల్లో స్నేహితులకు సిగ్గు విడిచి ఉత్తరాలు రాసి కొనమని అడిగాడు.

ఆయన దాచింది ఒక్క జబ్బునే. పనిని దాచలేదు. నేను ఆ ఒక్కటి దాచడానికి తక్కినవన్నీ దాచుకున్నాను. ప్రదర్శనకు పంపమని తోటి మాస్టార్లు అడిగినప్పుడల్లా ఇంకా బాగా రావాలి అన్నాను. ప్రారంభోత్సవం రోజు వేదిక మీద, దీపాల వెలుగులో, నలుగురి ముందు నిలబడాలి, అదీ అసలు భయం. హెడ్మాస్టరు పదోన్నతి వస్తుందేమోనని పరీక్షలు రాయలేదు, పొద్దున్నే ప్రార్థన దగ్గర మైకు ముందు నిలబడాలని. అన్నిటికంటే నన్ను కలచివేసేది ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి గోదావరి ఒడ్డున కూర్చోబెట్టి గీయించలేదు. నీళ్ళ పక్కన, నలభై మంది పిల్లల ముందు నాకు వస్తే ఎలా అని. నల్లబల్ల మీద కుండ గీసి, దీన్ని చూసి వెయ్యండి అన్నాను. నాలుగు గోడల మధ్య వాళ్ళు నేర్చుకున్న నది నేను గీసిన నది. దానికి బాధ్యత నా జబ్బుది కాదు.

లియర్ మన దేశం కూడా వచ్చాడు. అప్పటి వైస్రాయ్ లార్డ్ నార్త్‌బ్రూక్ ఆయన స్నేహితుడు, ఖర్చులు తను పెట్టుకుంటానని పిలిచాడు. 1873 నవంబరులో బొంబాయిలో దిగేనాటికి లియర్‌కు 61 ఏళ్ళు. ఒళ్ళు బరువు, గుండె బలహీనం, ఒక కన్ను సరిగ్గా కనబడదు. జార్జియో పక్కన ఉన్నాడు. రైళ్ళు, ఎడ్లబళ్ళు, గుర్రాలు, పల్లకీలు ఎక్కి కాశీ, డార్జిలింగు, ఢిల్లీ, సిమ్లా, దక్షిణాన మద్రాసు, మహాబలిపురం, కాంచీపురం, నీలగిరులు, సింహళం దాకా తిరిగాడు. 1875 మొదట్లో తిరిగి వెళ్ళాడు. గంగ ఒడ్డున కాశీలో రంగుల్ని చూసి పరవశించిపోయాడు. డార్జిలింగులో కాంచనజంగ ఎదుట మాత్రం తడబడ్డాడు. అంత దూరాన, అంత ఎత్తున, మనిషితో ఏ బంధమూ లేనట్టున్న శిఖరాన్ని కాగితం మీద ఎలా పెట్టాలో పాలుపోలేదు. అయినా వేశాడు. తరవాత ముగ్గురు కొనుగోలుదార్లకు మూడు పెద్ద తైలవర్ణ చిత్రాలు చేశాడు. ముందు చీకటి అడవి, ఫెర్న్ చెట్లు, ఒక మూల మనుషులు, మధ్యలో లోయ నిండా ఆవిరి, ఆ పైన ఎక్కడో తెల్లటి కొండ.

నిజం చెప్పాలంటే ఆ పెద్ద తైలవర్ణాలు నాకంతగా నచ్చవు. హంట్ దగ్గర నేర్చుకున్న ఓపిక వాటిలో బరువై కూర్చుంది. అదే యాత్రలో దారిపక్కన గీసిన చిన్న కాగితాలున్నాయే, వాటి ముందు ఎంతసేపైనా ఉండిపోతాను. రెండు గీతల్లో తాటిచెట్టు వంగుతుంది. ఒక్క పూతలో మధ్యాహ్నపు ఎండ దిగుతుంది. వాటిని ఆయన బొమ్మలుగా లెక్కలోకి వేసుకోలేదు, అసలు బొమ్మకు ముడిసరుకు అనుకున్నాడు. ఇవాళ విమర్శకులు ఎక్కువ విలువ ఇచ్చేది వాటికే.

చివరి ఏళ్ళు ఇటలీ తీరాన సాన్‌రెమోలో గడిపాడు. మొదట కట్టుకున్న ఇంటి ఎదుట పెద్ద హోటలు లేచి, బొమ్మలు వేసే గదికి సముద్రం వెలుగు రాకుండా చేసింది. దాదాపు 70 ఏళ్ళ వయసులో, అదే నమూనాలో ఇంకో ఇల్లు కట్టుకున్నాడు, వెలుగు కోసం. టెన్నిసన్ కవితల్లోని పాదాలకు 200 ప్రకృతి దృశ్యాలు వేయాలని 1852 నుంచి కలగన్నాడు, పోయేదాకా వాటి మీదే కూర్చున్నాడు, పూర్తికాలేదు. 1883లో జార్జియో పోయాడు. 1886లో, ఇంగ్లండ్‌లో ప్రకృతి దృశ్య చిత్రాలకు పెద్ద విమర్శకుడైన జాన్ రస్కిన్ తనకిష్టమైన నూరుగురు రచయితల్లో లియర్‌ను మొదట పెడతానని పత్రికలో రాశాడు. పిల్లల పాటల పుస్తకం చదివి! టర్నర్ కొండల గురించి సంపుటాలు రాసిన ఆ మనిషి లియర్ కొండల గురించి అక్కడ ఒక్క మాట అనలేదు. లియర్ సంతోషించాడు. నేనైతే ఏడ్చి ఉండేవాణ్ణి. 1888 జనవరి 29న లియర్ చనిపోయాడు. పాత స్నేహితుల్లో ఎవరూ అంత్యక్రియలకు రాలేకపోయారు. వేలకొద్దీ చిత్రాలు ఫ్రాంక్లిన్ లషింగ్టన్ అనే స్నేహితుడికి చేరాయి. చాలాకాలం అవి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఒక్క హౌటన్ లైబ్రరీలోనే మూడువేలకు పైగా ఉన్నాయి. ఆయన్ని ఎన్నడూ సభ్యుడిగా తీసుకోని రాయల్ అకాడమీ 1985లో ఆయన పనికి పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఈ మధ్య నా అట్టపెట్టెలు దించి బొమ్మలు బయటికి తీశాను. కొన్నింటికి చెద పట్టింది. మిగిలినవాటి వెనక తేదీలు వేస్తున్నాను, గుర్తున్నంతవరకు. మా అమ్మాయి వాటిని మా ఊరి లైబ్రరీ గదిలో పెడదామంటోంది. సరే అన్నాను. ప్రారంభం రోజు నేను వస్తాను, నిలబడతాను, నాకు ఫిట్స్ ఉన్నాయని మొదటే చెప్తాను.

మాస్టార్లకూ, తల్లిదండ్రులకూ ఒక విన్నపం. మీ క్లాసులో, మీ ఇంట్లో ఏ పిల్లవాడైనా ఫిట్స్ వచ్చి పడితే గుప్పిట్లో తాళంచెవులు కుక్కకండి, నోట్లో ఏదీ పెట్టకండి, చేతులూ కాళ్ళూ అదిమి పట్టుకోకండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కళ్ళు తెరిచాక ఏం లేదు పడుకో అనకండి. టైమెంతయిందో, ఎంతసేపు పడి ఉన్నాడో, ఆ సేపట్లో ఏం జరిగిందో వాడికి చెప్పండి. మర్నాడు మామూలుగా బడికి పంపండి. మిగతా పిల్లలతో బయటికి బొమ్మలు వేయడానికి వెళ్తుంటే వాణ్ణీ తీసుకెళ్ళండి, మీరు పక్కన ఉండండి.